అండాశయంలో గడ్డ: క్యాన్సర్ అక్కడే పుట్టిందా, వేరే చోటు నుంచి పాకిందా?

పొట్ట ఉబ్బరంగా ఉంటోందని, నెలసరి సరిగా రావడం లేదని స్కానింగ్‌కు వెళ్తారు. ‘రెండు వైపులా ఓవరీల్లో గడ్డలున్నాయి’ అని రిపోర్టు వస్తుంది. ఇల్లంతా కంగారు. ‘వెంటనే ఆపరేషన్ చేయించి తీయించేద్దాం’ అనేది చాలా కుటుంబాల్లో మొదట వచ్చే మాట. తొందరపడటం సహజమే. కానీ కత్తి పట్టే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ గడ్డ అండాశయంలోనే పుట్టిందా? లేక కడుపులోనో, పేగులోనో, రొమ్ములోనో పుట్టిన క్యాన్సర్ ఇక్కడికి పాకిందా?

ఈ ప్రశ్నకు జవాబు మారితే ఆపరేషన్ మారుతుంది, మందులు మారతాయి, రోగికి డాక్టర్ చెప్పే భవిష్యత్తు కూడా మారుతుంది. అందుకే ఈ తేడాను ఎలా కనిపెడతారో, ఏ పరీక్ష ఎందుకు చేస్తారో కుటుంబానికి తెలిసి ఉండటం మంచిది.

పాకిన క్యాన్సర్ అంటే ఏమిటి?

క్యాన్సర్ కణాలు పుట్టిన చోటనే ఉండిపోవు. రక్తం ద్వారా, లింఫు నాళాల ద్వారా, లేదంటే పొట్ట లోపలి ఖాళీలో రాలిపడి వేరే అవయవాల మీద నాటుకుంటాయి. అలా చేరిన చోట పెరిగిన గడ్డను ‘మెటాస్టాసిస్’ అంటారు. లివర్, ఊపిరితిత్తులు, ఎముకల్లాగే అండాశయాలు కూడా ఇలాంటి కణాలు తరచుగా చేరే చోటు.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కడుపులో పుట్టిన క్యాన్సర్ అండాశయానికి వచ్చినా అది కడుపు క్యాన్సరే. దాని గుణం మారదు, పేరు మారదు. వైద్యం కూడా కడుపు క్యాన్సర్‌కు ఇచ్చేదే ఇవ్వాలి.

అండాశయాల్లో కనిపించే క్యాన్సర్లలో ఇలా బయటి నుంచి వచ్చినవి దేశాన్ని బట్టి 5 నుంచి 30 శాతం దాకా ఉంటాయని వైద్య గ్రంథాలు చెబుతాయి. కడుపు క్యాన్సర్ ఎక్కువగా ఉండే జపాన్, కొరియా లాంటి దేశాల్లో ఈ వాటా పెద్దది. మన దేశంలో ఉత్తరాది కన్నా దక్షిణాదిలో, అంతకన్నా మిజోరం వంటి ఈశాన్య రాష్ట్రాల్లో కడుపు క్యాన్సర్ ఎక్కువ.

1896లో జరిగిన పొరపాటు

ఈ పొరపాటు పెద్ద డాక్టర్లకు కూడా జరిగింది. జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ క్రూకెన్‌బర్గ్ 1896లో అండాశయంలో కనిపించే ఒక రకం గట్టి గడ్డల గురించి రాశారు. అవి అండాశయంలోనే పుట్టిన కొత్త రకం గడ్డలని ఆయన అనుకున్నారు. ఆరేళ్ల తర్వాత, 1902లో, ష్లాగెన్‌హౌఫర్ అనే డాక్టర్ అవి ఎక్కువగా జీర్ణకోశం నుంచి పాకి వచ్చినవని చూపించారు. అయినా ఆ గడ్డకు మొదటి డాక్టర్ పేరే స్థిరపడింది. ఇప్పటికీ ‘క్రూకెన్‌బర్గ్ ట్యూమర్’ అనే అంటారు.

మైక్రోస్కోప్ కింద దీనికి ఒక గుర్తు ఉంటుంది. కణం లోపల జిగురు నిండి, మధ్యలో ఉండాల్సిన కేంద్రకం ఒక పక్కకు నెట్టుకుపోతుంది. రాయి పొదిగిన ఉంగరంలా కనిపిస్తుంది. అందుకే వీటిని ‘సిగ్నెట్ రింగ్ కణాలు’ అంటారు. రిపోర్టులో ఈ మాట కనిపిస్తే కడుపు, పేగులు, రొమ్ము వెతికి చూడాల్సిందే.

ఎక్కడెక్కడి నుంచి వస్తుంది?

క్రూకెన్‌బర్గ్ గడ్డల్లో ఎక్కువ భాగం కడుపు నుంచి వచ్చేవే. పాకిన క్యాన్సర్లన్నిటినీ కలిపి చూస్తే పెద్దపేగు, అపెండిక్స్, రొమ్ము, క్లోమం, పిత్తాశయం, పిత్త నాళాలు కూడా జాబితాలో ఉంటాయి. గర్భసంచిలో పుట్టిన క్యాన్సర్ పక్కనే ఉన్న అండాశయానికి పాకడం కూడా ఉంది.

ఇందులో ఇబ్బంది ఏమిటంటే, అసలు క్యాన్సర్ చిన్నగా, చప్పుడు చేయకుండా ఉంటుంది. అండాశయంలో పెరిగింది మాత్రం పెద్దదై ముందు బయటపడుతుంది. కడుపులో గడ్డ ఉన్న సంగతే తెలియని మహిళ గైనకాలజిస్టు దగ్గరకు వెళ్లడానికి కారణం ఇదే.

ఏ లక్షణాలు చూడాలి?

పొత్తికడుపులో నొప్పి, బరువు, పొట్ట ఉబ్బడం, నీరు చేరడం, నెలసరిలో తేడాలు, నెలసరి ఆగిపోయిన తర్వాత రక్తం కనపడటం లాంటివి అండాశయంలో పుట్టిన గడ్డకైనా, పాకిన గడ్డకైనా ఒకేలా ఉంటాయి. కొందరిలో ఆ గడ్డ ప్రభావంతో హార్మోన్లు ఎక్కువై గొంతు బొంగురుపోవడం, ముఖం మీద వెంట్రుకలు రావడం కూడా జరుగుతుంది.

అసలు చోటును పట్టించే లక్షణాలు వేరే ఉంటాయి. వాటిని రోగి ‘మామూలే’ అని వదిలేస్తుంది. రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోవడం, నెలల తరబడి ‘గ్యాస్’ మందులు వేసుకున్నా తగ్గని మంట, వాంతులు, మలం నల్లగా రావడం, మలంలో రక్తం, ఉన్నట్టుండి మలబద్ధకమో విరేచనాలో మొదలవడం, డైటింగ్ చేయకుండానే బరువు తగ్గడం, కారణం తెలియని రక్తహీనత, రొమ్ములో గడ్డ. వీటిలో ఏది ఉన్నా అడిగే దాకా ఆగకుండా డాక్టర్‌కు చెప్పాలి. గర్భిణుల్లో వాంతులు, ఉబ్బరం కడుపుతో ఉన్నందువల్లే అనుకోవడంతో ఇవి ఇంకా ఆలస్యంగా బయటపడతాయి.

పాత రిపోర్టులు పారేయకండి

అన్నిటికన్నా తక్కువ ఖర్చు పరీక్ష పాత ఆరోగ్య చరిత్ర అడగడం. పదేళ్ల క్రితం రొమ్ము ఆపరేషన్ అయి ఉండొచ్చు, పేగులో ముక్క తీసి ఉండొచ్చు. ‘అది ఎప్పుడో తగ్గిపోయింది కదా’ అని చాలామంది చెప్పరు. కొత్త సంబంధాలకు అడ్డమవుతుందని, నలుగురికీ తెలుస్తుందని దాచేవాళ్లూ ఉన్నారు. రొమ్ము క్యాన్సర్ ఏళ్ల తర్వాత కూడా తిరగబెట్టొచ్చు. అందుకే పాత బయాప్సీ కాగితం ఒక్కటి దొరికినా డాక్టర్‌కు దారి దొరికినట్టే.

అలాగని రొమ్ము క్యాన్సర్ వచ్చిన మహిళకు అండాశయంలో గడ్డ కనపడితే అది పాకిందే అని తేల్చేయకూడదు. చాలా సార్లు అది మామూలు నీటి తిత్తే కావొచ్చు. క్యాన్సరే అయితే, పాకినదాని కన్నా కొత్తగా అండాశయంలో పుట్టినదే అయ్యే అవకాశం ఎక్కువ. ముఖ్యంగా బీఆర్‌సీఏ జన్యువుల్లో మార్పు ఉన్న కుటుంబాల్లో రెండూ వస్తాయి.

స్కానింగ్‌లో ఏం చూస్తారు?

మొదటిది అల్ట్రాసౌండ్. పెళ్లైన మహిళలకు యోని ద్వారా చేసే స్కాన్‌లో అండాశయాలు స్పష్టంగా కనిపిస్తాయి. పెళ్లికాని అమ్మాయిలకు, లేదా అది వద్దనుకునేవారికి మూత్రాశయం నిండుగా ఉంచి పొట్ట మీద నుంచి చేస్తారు, అవసరమైతే ఎంఆర్ఐ తీస్తారు. ఆడ డాక్టర్, ఆడ టెక్నీషియన్ కావాలని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగొచ్చు. సిగ్గుతో స్కానింగ్‌నే వాయిదా వేయడం మాత్రం ప్రమాదం.

రెండు అండాశయాల్లోనూ గడ్డలుండటం పాకిన క్యాన్సర్‌కు ఒక సూచన. క్రూకెన్‌బర్గ్ గడ్డలు ఎక్కువ మందిలో రెండు వైపులా ఉంటాయి. కడుపు, రొమ్ము నుంచి వచ్చినవి గట్టిగా, అంచులు నునుపుగా ఉంటాయి. పెద్దపేగు, అపెండిక్స్, పిత్త నాళాల నుంచి వచ్చినవి గదులు గదులుగా, నీరు నిండి ఉంటాయి. ఇవి అండాశయంలోనే పుట్టిన గడ్డల్లా కనిపించి మోసం చేస్తాయి.

జిగురు పదార్థం ఉండే గడ్డల విషయంలో ప్యాథాలజిస్టులు ఒక లెక్క వాడతారు. ఒక్క వైపే ఉండి, 10 సెంటీమీటర్ల కన్నా పెద్దదైతే అండాశయంలో పుట్టినదయ్యే అవకాశం ఎక్కువ. రెండు వైపులా ఉంటే, లేదా ఒక వైపే ఉన్నా 10 సెంటీమీటర్ల లోపు ఉంటే బయటి నుంచి వచ్చినదని అనుమానించాలి. ఇది లెక్క మాత్రమే, తీర్పు కాదు. పెద్దపేగు నుంచి పాకినవి చాలా పెద్దగా పెరిగి ఈ లెక్కను తప్పిస్తుంటాయి.

ఆ తర్వాత ఛాతీ, పొట్ట, కటి భాగాలకు సీటీ స్కాన్ తీస్తారు. కడుపు గోడ మందంగా ఉందా, పేగులో గడ్డ ఉందా, లివర్ మీద మచ్చలున్నాయా, పొట్టలో నీరుందా అన్నది ఇందులో తెలుస్తుంది. పెట్ స్కాన్ ఖరీదైనది కాబట్టి అన్నీ చూపిస్తుందని అనుకోవద్దు. సిగ్నెట్ రింగ్ కణాల క్యాన్సర్ కొన్నిసార్లు పెట్ స్కాన్‌లో సరిగా వెలగదు.

రక్త పరీక్షలు ఎంతవరకు నమ్మాలి?

సీఏ-125 పరీక్ష పేరు చాలామంది విని ఉంటారు. మామూలుగా 35 లోపు ఉండాలి. ఇది పెరిగితే అండాశయ క్యాన్సర్ అని భయపడతారు. కానీ నెలసరి సమయంలో, గర్భంలో, ఎండోమెట్రియోసిస్‌లో, ఫైబ్రాయిడ్లలో, పొట్ట టీబీలో కూడా ఇది పెరుగుతుంది. పాకిన క్యాన్సర్లలోనూ పెరుగుతుంది. ఈ ఒక్క నంబర్‌తో నిర్ణయం తీసుకోకూడదు.

దీంతో పాటు సీఈఏ, సీఏ 19-9 అనే పరీక్షలు చేయిస్తే ఉపయోగం. సీఈఏ ఎక్కువగా జీర్ణకోశ క్యాన్సర్లలో పెరుగుతుంది. సీఏ-125 విలువను సీఈఏ విలువతో భాగిస్తే 25 కన్నా ఎక్కువ వస్తే మొగ్గు అండాశయం వైపు. 25 లేదా అంతకన్నా తక్కువ వస్తే కడుపు, పేగులు పరీక్షించాలి. ఉదాహరణకు సీఏ-125 విలువ 200, సీఈఏ విలువ 40 ఉంటే భాగించగా 5 వస్తుంది. అలాంటప్పుడు ఎండోస్కోపీ, కొలనోస్కోపీ చేయకుండా ఆపరేషన్‌కు వెళ్లడం తొందరపాటు.

ఎండోస్కోపీ, కొలనోస్కోపీ, మామోగ్రామ్

‘గడ్డ ఓవరీలో ఉంటే గొంతులో గొట్టం ఎందుకు వేస్తున్నారు?’ అని కుటుంబసభ్యులు అడుగుతుంటారు. డబ్బు కోసమే అనుకునేవాళ్లూ ఉన్నారు. ఇప్పటిదాకా చెప్పిన అనుమానాలున్నప్పుడు ఎండోస్కోపీ అనవసర పరీక్ష కాదు. కడుపు లోపల చూసి ముక్క తీయడానికి ఇదే దారి.

ఒక జాగ్రత్త ఉంది. కొన్ని కడుపు క్యాన్సర్లు పైపొర మీద పుండులా కనపడవు. పొర కింద పాకుతూ కడుపు గోడనే గట్టిగా మార్చేస్తాయి. పైపైన ఒక ముక్క తీస్తే ‘ఏమీ లేదు’ అని వస్తుంది. అనుమానం బలంగా ఉంటే లోతుగా, ఎక్కువ ముక్కలు తీసి మళ్లీ చూస్తారు.

కొలనోస్కోపీతో పెద్దపేగు మొత్తం చూస్తారు. దీనికి ముందు రోజు మందు తాగి పేగు ఖాళీ చేయాలి, నీళ్లు బాగా తాగాలి. రంజాన్ నెలలో అయితే ముందే డాక్టర్‌తో మాట్లాడి ఏర్పాటు చేసుకోవాలి. పండుగ అయ్యాక చూద్దామని వారాల తరబడి ఆగడం మంచిది కాదు. రొమ్ము పరీక్ష, మామోగ్రామ్ కూడా ఈ దశలోనే పూర్తి చేస్తారు.

నీరు తీయడం, ముక్క పరీక్ష

పొట్టలో నీరు చేరి ఉంటే సూదితో కొంత తీసి అందులో క్యాన్సర్ కణాలున్నాయేమో చూస్తారు. నీటిలోని కణాలను ఒకచోట చేర్చి మైనపు దిమ్మలా చేస్తే మరిన్ని పరీక్షలు చేయొచ్చు. క్యాన్సర్ బాగా పాకినట్టు స్కాన్‌లో కనపడితే పొట్టలోని కొవ్వు పొర నుంచి, లేదా సులువుగా అందే చోటు నుంచి ముక్క తీస్తారు.

అయితే అండాశయంలో మాత్రమే గడ్డ ఉన్నప్పుడు దానిలోకి సూది గుచ్చడం సాధారణంగా చేయరు. అది అండాశయంలోనే పుట్టిన తొలి దశ క్యాన్సర్ అయితే, గుచ్చిన చోటు నుంచి కణాలు పొట్టలో చిందే ప్రమాదం ఉంది. ‘సూదితో నీరు లాగేస్తే చాలు’ అని ఎవరైనా చెబితే ముందు క్యాన్సర్ డాక్టర్‌ను అడగాలి.

ల్యాబ్‌లో జవాబు ఎలా దొరుకుతుంది?

చివరి మాట ప్యాథాలజిస్టుదే. మామూలు మైక్రోస్కోప్‌లో అండాశయ గడ్డ, పేగు గడ్డ ఒకేలా కనపడొచ్చు. అప్పుడు ‘ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ’ చేస్తారు. రిపోర్టుల్లో దీన్ని ఐహెచ్‌సీ అని రాస్తారు. ఒక్కో అవయవం కణాల్లో ఉండే ప్రోటీన్లకు మాత్రమే రంగు పట్టే పద్ధతి ఇది. కణం ఏ ఊరిదో చెప్పే అడ్రస్ చీటీ లాంటిది.

సీకే-7 ఉండి, సీకే-20 లేకపోతే, దాంతో పాటు ప్యాక్స్-8 కూడా ఉంటే అండాశయం వైపు చూపిస్తుంది. సీకే-20, సీడీఎక్స్-2, శాట్‌బీ-2 ఉండి సీకే-7 లేకపోతే పెద్దపేగు వైపు. గాటా-3 ఉంటే రొమ్మును వెతకాలి. కడుపు, క్లోమం, పిత్త నాళాల గడ్డల్లో ఈ గుర్తులు కలగాపులగంగా వస్తాయి. జిగురు రకం అండాశయ గడ్డల్లోనూ ప్యాక్స్-8 లేకపోవచ్చు. అందువల్ల ఏ ఒక్క రంగునూ పట్టుకుని తేల్చరు. రంగులు, స్కాన్లు, రక్త పరీక్షలు, పాత చరిత్ర అన్నీ కలిపి చూస్తారు.

ప్యాథాలజిస్టుకు పంపే కాగితంలో ‘ఓవరీ గడ్డ’ అని మాత్రమే రాస్తే సరిపోదు. పాత క్యాన్సర్ ఉందా, ఎండోస్కోపీలో ఏం కనపడింది అన్నదీ ఉండాలి. రిపోర్టు మీద సందేహముంటే స్లైడ్లు, మైనపు దిమ్మలు ఆసుపత్రి నుంచి తీసుకుని వేరే చోట చూపించుకోవచ్చు. ఇలా అడగడంలో తప్పు లేదు, డాక్టర్లు నొచ్చుకోరు.

ఆపరేషన్ మధ్యలో తేలితే?

కొన్నిసార్లు ఆపరేషన్‌కు ముందు ఏమీ తేలదు. అప్పుడు గడ్డ తీసి, రోగి టేబుల్ మీద ఉండగానే ల్యాబ్‌కు పంపుతారు. గడ్డకట్టించి, కోసి, అప్పటికప్పుడు చూసి చెప్పే ఈ పద్ధతి పేరు ‘ఫ్రోజెన్ సెక్షన్’. సుమారు అరగంటలో జవాబు వస్తుంది. జిగురు గడ్డల్లో మాత్రం ఇది తప్పే అవకాశం ఉంది కాబట్టి తుది రిపోర్టు దాకా ఆగాల్సిందే. సర్జన్ ఆ సమయంలోనే అపెండిక్స్, పేగులు, కడుపు, లివర్ చేత్తో తడిమి చూస్తారు. పొట్ట నిండా జిగురు కనపడితే మొదట అనుమానించాల్సింది అపెండిక్స్‌నే.

టీబీని మరవొద్దు

మన దేశంలో ఇంకో మోసం ఉంది. పొట్టలో టీబీ వస్తే నీరు చేరుతుంది, అండాశయాల దగ్గర గడ్డలా కనపడుతుంది, కొవ్వు పొర మందమవుతుంది, సీఏ-125 వందల్లోకి వెళ్తుంది, బరువు తగ్గుతుంది. చూడటానికి అచ్చం పాకిన క్యాన్సర్‌లాగే ఉంటుంది. కానీ ఇది మందులతో నయమవుతుంది. నీటిలో ఏడీఏ పరీక్ష, ముక్క పరీక్ష, టీబీ క్రిమి జన్యు పరీక్షలతో దీన్ని పట్టుకోవచ్చు. అందుకే ముక్క పరీక్ష రాకముందే ‘క్యాన్సర్ ముదిరిపోయింది’ అని ఇంట్లో ఆశ వదులుకోకూడదు. ముక్క పరీక్ష లేకుండా కీమో మొదలుపెట్టడమూ మామూలుగా జరగకూడదు.

తేడా తెలిస్తే లాభం ఏమిటి?

అండాశయంలో పుట్టిన క్యాన్సర్‌కు పెద్ద ఆపరేషన్ చేసి కనిపించిన గడ్డంతా తీయడం, కార్బోప్లాటిన్, ప్యాక్లిటాక్సెల్ కీమో ఇవ్వడం ముఖ్యమైన వైద్యం. పాకి వచ్చినప్పుడు దారి వేరు. కడుపు, పేగు, రొమ్ము క్యాన్సర్లకు వేర్వేరు కీమో మందులుంటాయి. కడుపు, రొమ్ము గడ్డల్లో హెర్-2 పరీక్ష పాజిటివ్ వస్తే దానికి ప్రత్యేక మందు ఉంది. రొమ్ముదైతే హార్మోన్ మాత్రలు పని చేయొచ్చు. అండాశయం తీయాలా వద్దా అన్నది అన్నీ చూసి నిర్ణయిస్తారు.

పాకిన క్యాన్సర్ అంటే చాలావరకు నాలుగో దశ. ఇది కష్టమైన మాట. కడుపు నుంచి వచ్చినదానితో పోలిస్తే పెద్దపేగు నుంచి వచ్చినదానికి ఫలితాలు కొంత మెరుగ్గా ఉంటాయి. ఏ చోటిదో తెలియకుండా ఇచ్చిన వైద్యంతో విలువైన నెలలు పోతాయి.

కుటుంబం చేయాల్సినవి

డాక్టర్‌ను ఈ నాలుగు ప్రశ్నలు తప్పకుండా అడగాలి. ఇది వేరే చోటు నుంచి వచ్చిందేమో చూశారా? సీఈఏ చేశారా? ఎండోస్కోపీ, కొలనోస్కోపీ అవసరమా? ఆపరేషన్‌కు ముందు సర్జన్, కీమో డాక్టర్, రేడియాలజిస్ట్, ప్యాథాలజిస్ట్ కలిసి ఈ కేసు చర్చించారా? ఇలా కలిసి కూర్చునే ఏర్పాటును ‘ట్యూమర్ బోర్డు’ అంటారు.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వ రంగంలో ఉన్నాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ చికిత్సలున్నాయి. ఏ పరీక్ష ఆ పథకంలోకి వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర కనుక్కోవాలి.

ఇంట్లో ఇంకెవరికైనా చిన్న వయసులో కడుపు, పేగు, రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే అది కూడా చెప్పాలి. కొన్ని రకాలు కుటుంబాల్లో నడుస్తాయి. జన్యు పరీక్షతో కూతుళ్లు, అక్కచెల్లెళ్లు ముందే జాగ్రత్తపడొచ్చు.

చివరిగా, రోగి నుంచి విషయం దాచడం. ‘అమ్మీ తట్టుకోలేదు, చెప్పకండి’ అని కొడుకులు డాక్టర్‌ను పక్కకు తీసుకెళ్లి బతిమాలడం మామూలే. కానీ నెలల తరబడి కడుపులో మంట ఎప్పుడు మొదలైందో, మలం రంగు ఎప్పుడు మారిందో, ఇరవై ఏళ్ల క్రితం రొమ్ములో గడ్డ ఏ ఊళ్లో తీయించుకుందో చెప్పగలిగేది ఆమె ఒక్కతే. డాక్టర్ గదిలో ఆమెను మాట్లాడనివ్వాలి. గడ్డ ఎక్కడ పుట్టిందో తెలిపే మొదటి ఆధారం చాలాసార్లు ఆమె మాటల్లోనే ఉంటుంది.